వ ఒత్తు

రేకు మూడున్నర అడుగులు.
అక్షరం అడుగున్నర వెడల్పుండాలె, రోడ్డు మీదికి కనపడాలె అన్నరు.
కోర్ షెడ్డు ముంగట, సోమవారం లోపల:
గోండ్వానా శిలాస్తరాలు.

బెల్లంపల్లిల నేను రాయని గోడ లేదు.
టిఫిన్ సెంటర్లు, యూనియన్ ఎన్నికలు,
బ్లాస్టింగ్ టైము, "ఇక్కడ ఉమ్మరాదు" నలభై చోట్ల.
ఇన్నేండ్లల ఒక్క మాట కాడ కుంచె ఆగలేదు.
ఇది ఆపింది.

సున్నం దారంతో గీత కొట్టిన. లెక్క పెట్టిన.
గ మీద ఓత్వం, పక్కన సున్న.
తర్వాత డ, దాని కింద ఇరుక్కొని వ.
ఆఖరుకు నా, దీర్ఘం రేకు దాటి గాలిల.
పట్టది. రెండు వరసలు చేయాలె.
ఎక్కడ విరవాలె?

చిన్నప్పటి పంతులు బెత్తంతో చెప్పిన సంగతి:
జంటక్షరాన్ని చీల్చొద్దు, ఒత్తు తల్లిని ఇడువది.
అట్లయితే పైన గోం, కింద డ్వానా.
గోం అంటే ఎవరు?
డ్వానా ఏ ఊరు?

జియాలజీ సారు జీపు దిగకుండనే దిద్దిండు:
"గాండ్. వా. నా.
నోరు బాగ తెరువాలె, గాండ్."
నేను తెరిచిన. బొగ్గు దుమ్ము పోయింది లోపటికి.

రంగు డబ్బ పట్టే పోరడు ఇలియాజ్ కూడబలుక్కొని చదివిండు:
"గోండు... వాన."
తప్పని చెప్పబుద్ధి కాలే.
మొన్న తిర్యాణి గుట్టల మీంచి దిగిన వాన
ఇంకా రేకుల షెడ్డు మీద సుక్క సుక్క కారుతనే ఉండె.

షెడ్డు లోపల మడావి సోంబాయి,
భూమిల నుంచి గుంజిన రాతి కడ్డీలను
వరుసగ పెట్టెలల్ల పండబెడుతున్నది.
ఇసుకరాయి. బూడిద రంగు బంకరాయి. అరచెయ్యి మందం బొగ్గు.
ఒక్కో తునకకు ఒక నంబరు, ఇన్ని మీటర్ల లోతని.
ఆమెనే అడిగిన:
"అక్కా, గోండ్ ఒక దిక్కు, వనం ఒక దిక్కు విరిస్తే?
మీ మాటే గద ఇది."

ఆమె చెయ్యి ఆపలేదు.
"గోండ్ అని మీరు పిలిచేది.
మేం కోయ్‌తూర్లం.
వనం మీ పంతుల మాట.
అండ్ల మాదేమున్నది?
రాయి."

ఆ చివరి మాట నేను రెండు తీర్ల ఇన్న.
పెట్టెలున్నదా, నా కుంచెకు చెప్పిందా, అడగలే.

జర సేపటికి ఒక బంకరాయి పలక తెచ్చి నా ముంగట పెట్టింది.
దాని మీద ఆకు అచ్చు,
నడుమ ఈనె, అటూ ఇటూ వల లెక్క గీతలు,
అచ్చం చాపిన నాలుక.
దానికి సార్లు పెట్టిన పేరు ఆమెకు తిరగదు, నాకూ తిరగదు.
కోట్ల ఏండ్ల కింద గాలికి అది ఏమన్నదో
ఎవల పుస్తకంల లేదు.

మళ్ల నిచ్చెన ఎక్కిన.
బడిల పాడినట్టు పెదవుల్లనే అనుకున్న:
డకు వ ఒత్తు, డకు వ ఒత్తు.
ఒత్తు అంటే ఒత్తుడే గద.
నిలబడ్డ అడవి ఒరిగి, బురద కింద, ఇసుక కింద,
మీద పడ్డ బరువుకు నల్లబడి...
మాటల గూడ అది ఉన్న తావు అదే.
డ కింద.

విరవలే.
అక్షరాలను సన్నం చేసి ఒక్క వరసల ఇరికిచ్చిన.
శిలాస్తరాలను కిందికి తోసిన.
వ ఒత్తు ఒక్కటి మాత్రం
చెప్పిన కొలత కంటే జెర పెద్దగ పడ్డది, లోతుగ.
నల్ల రంగు ఎక్కువై దాని తోకకాడ ఒక సుక్క జారింది.

సారు పొద్దుగూకంగ వచ్చి చూసిండు.
"గాండ్వానా," అని చదువుకున్నడు, బాగనే ఉన్నదన్నడు,
"గాని కింద కారుతున్నది సూడు."
"ఆరనీ సార్," అన్న.